పెద్ద నగరంలో చవకైన థాయ్ లంచ్ స్పెషల్ వెతికి పట్టుకోవడం ఎలా

వంటగది అదే, వంటమనిషీ అదే, గిన్నెలో గ్రీన్ కర్రీ కూడా అదే. రాత్రి ఎనిమిదింటికి వెళ్లి తింటే ఒక ధర. మధ్యాహ్నం పన్నెండింటికి వెళ్తే బాగా తక్కువ ధర, పైగా అన్నం, చిన్న గిన్నెడు సూప్, ఒక స్ప్రింగ్ రోల్ దానితోనే కలిపి ఇస్తారు. పెద్ద నగరాల్లో థాయ్ రెస్టారెంట్లు పెట్టే లంచ్ స్పెషల్ అంటే ఇదే. చాలామంది దీన్ని గమనించకుండానే రాత్రి ధరకు తింటుంటారు. లేదంటే ఫోన్‌లో డెలివరీ యాప్ తెరిచి అంతకంటే ఎక్కువ కట్టేస్తుంటారు. నేనూ కొన్ని నెలలు అలాగే చేశాను. తర్వాత ఈ ధర ఎందుకు తగ్గుతుందో అర్థమయ్యాక వెతకడం చాలా తేలికైంది. కాబట్టి ముందు కారణం చెబుతాను, ఆ తర్వాత దారి.

థాయ్ వంటలో శ్రమ ఎక్కువగా ముందే అయిపోతుంది. మిరపకాయలు, నిమ్మగడ్డి, గలంగల్ (అల్లం లాంటి దుంప), వెల్లుల్లి, చిన్న ఉల్లిపాయలు కలిపి నూరిన ముద్ద సిద్ధంగా ఉంటుంది. కూరగాయలు తరిగి ఉంటాయి, కోడిమాంసం పలుచగా కోసి ఉంటుంది. ఆర్డర్ వచ్చాక వోక్‌లో, అంటే లోతైన పెద్ద బాణలిలో, పడితే కొన్ని నిమిషాల్లో ప్లేటు బయటికి వస్తుంది. అద్దె, జీతాలు ఎలాగూ మధ్యాహ్నం కూడా కట్టాలి. గంట విరామంలో వచ్చే ఆఫీసు వాళ్లు త్వరగా తిని లేస్తారు కాబట్టి ఒకే టేబుల్ మీద మూడు నాలుగు విడతలు వడ్డించవచ్చు. అందుకే త్వరగా అయ్యేవి, ఒకే రకం సరుకుతో తయారయ్యేవి ఏరి ఒక చిన్న జాబితా చేస్తారు. ఈ ఒక్క విషయం గుర్తుంటే ఏ నగరంలోనైనా ఏ థాయ్ లంచ్ మెనూ అయినా మీరే చదువుకోగలరు.

1. ముందు ఎక్కడ వెతకాలో తేల్చుకోండి

చవకైన థాయ్ భోజనం దొరికే చోట్లు రెండు రకాలు. ఒకటి ఆఫీసులు, ఆసుపత్రులు, కాలేజీలు ఎక్కువగా ఉండే ప్రాంతం. అక్కడ పోటీ ఎక్కువ కాబట్టి అచ్చమైన లంచ్ స్పెషల్, అంటే కూర, అన్నం, సూప్ కలిపిన ప్లేటు, దాదాపు ప్రతి థాయ్ రెస్టారెంట్‌లోనూ ఉంటుంది. రెండోది థాయ్ వాళ్లు నివసించే ప్రాంతం. అక్కడ ‘లంచ్ స్పెషల్’ అనే బోర్డు కనపడకపోవచ్చు, ఎందుకంటే మామూలు ధరే తక్కువ.

మీ నగరంలో రెండో రకం ప్రాంతం ఉందేమో తప్పకుండా కనుక్కోండి. లాస్ ఏంజెలెస్‌లో ఈస్ట్ హాలీవుడ్‌లోని ఒక భాగాన్ని 1999లో అధికారికంగా ‘థాయ్ టౌన్’గా ప్రకటించారు. న్యూయార్క్‌లో అయితే క్వీన్స్‌లోని ఎల్మ్‌హర్స్ట్, వుడ్‌సైడ్ వైపు వెళ్లాలి. సిడ్నీలో హేమార్కెట్ దగ్గర క్యాంప్‌బెల్ స్ట్రీట్ చుట్టుపక్కల థాయ్ దుకాణాలు, తిండి చోట్లు వరసగా ఉంటాయి.

ఇలాంటి పేట లేని నగరంలో రెండు గుర్తులు పట్టుకోండి. మొదటిది థాయ్ బౌద్ధాలయం. మ్యాప్‌లో ‘వాట్’ అనే పదంతో వెతికితే కనపడుతుంది, థాయ్‌లో వాట్ అంటే ఆలయం. విదేశాల్లో కొన్ని ఆలయాల ఆవరణలో వారాంతాల్లో భక్తులే వండి అమ్ముతారు. లాస్ ఏంజెలెస్ వాట్ థాయ్‌లో శని, ఆదివారాల్లో, కాలిఫోర్నియాలోని బర్క్‌లీ ఆలయంలో ఆదివారాల్లో జరిగే భోజనాలు ఇలాంటివే. బెర్లిన్‌లో ప్రాయిసెన్‌పార్క్ దగ్గర వారాంతాల్లో థాయ్ వంటలు అమ్మే సంత ఎంత పేరు తెచ్చుకుందంటే, ఆ పార్కును జనం ‘థాయ్ పార్క్’ అనే పిలుస్తారు. ఇవి వారంలో పని రోజులకు పనికిరావు, నిజమే. కానీ అక్కడ వరసలో మీ పక్కన నిలబడ్డ థాయ్ వాళ్లను “మీరు మామూలు రోజుల్లో మధ్యాహ్నం ఎక్కడ తింటారు?” అని అడిగి చూడండి. ఏ యాప్ కూడా చెప్పలేని జవాబు వస్తుంది.

రెండో గుర్తు థాయ్ కిరాణా కొట్టు. ఫిష్ సాస్ (పులియబెట్టిన చేపల ఉప్పటి రసం), తాటి బెల్లం, తాజా నిమ్మగడ్డి అమ్మే చోట ఒక మూలన నాలుగు ట్రేలతో చిన్న కౌంటర్ ఉండొచ్చు. లేకపోయినా సరుకు కొనడానికి వచ్చే రెస్టారెంట్ వాళ్లు కొట్టు యజమానికి తెలుస్తారు. అడగడానికి మొహమాటపడకండి.

ఇంకో చిన్న సూచన. పెద్ద రోడ్డు మీద అద్దాల రెస్టారెంట్ కంటే, దాని వెనక వీధిలోనో, మేడమీదో, సెల్లార్‌లోనో ఉన్నదాన్ని ముందు చూడండి. అద్దె తేడా ప్లేటు ధరలో కనపడుతుంది.

2. ఫోన్‌లో వెతికేటప్పుడు ఫొటోల తేదీ చూడండి

‘థాయ్ లంచ్ స్పెషల్’ అని మ్యాప్‌లో కొట్టగానే కొన్ని పేర్లు వస్తాయి. అక్కడ స్టార్ల సంఖ్య చూసి ఆగిపోవద్దు. ఫొటోల్లో ‘మెనూ’ విభాగం తెరిచి, జనం పెట్టిన ఫొటోల్లో లంచ్ కాగితం ఉందేమో వెతకండి. చాలా చిన్న రెస్టారెంట్లకు లంచ్ స్పెషల్ అంటే ప్లాస్టిక్ కవర్‌లో పెట్టిన ఒక విడి కాగితం. వాళ్ల వెబ్‌సైట్‌లో అది ఉండదు, రాత్రి మెనూలోనూ ఉండదు. తలుపు మీద అతికించి ఉంటుంది, లేదా కూర్చున్నాక అడిగితే తెచ్చి ఇస్తారు. ఫొటో దొరికితే దాని తేదీ చూడండి. మూడేళ్ల కిందటి ధర నమ్ముకుని అరగంట ప్రయాణం చేయడం వృథా.

ఇంకో ఉపాయం ఉంది. అనువాద యాప్‌లో ‘థాయ్ భోజనం’ అని రాసి, వచ్చిన థాయ్ అక్షరాలను కాపీ చేసి మ్యాప్‌లో వెతకండి. పేరు థాయ్ లిపిలో పెట్టుకున్న చోట్లు, థాయ్ వాళ్లు థాయ్‌లో అభిప్రాయం రాసిన చోట్లు పైకి వస్తాయి. ఇంగ్లిష్‌లో వెతికినప్పుడు మొదటి పేజీలో రానివి ఇక్కడ దొరుకుతాయి.

కొన్ని రెస్టారెంట్ల గోడ మీద ‘థాయ్ సెలెక్ట్’ అనే ముద్ర కనిపిస్తుంది. అది థాయ్‌లాండ్ వాణిజ్య మంత్రిత్వ శాఖ ఇచ్చే గుర్తింపు. విదేశాల్లో తమ రెస్టారెంట్ల సంఖ్య పెంచాలని 2002లో థాయ్ ప్రభుత్వం ‘గ్లోబల్ థాయ్’ అనే కార్యక్రమమే మొదలుపెట్టింది. తిండిని దేశం పనిగా చూసిన వాళ్లు వాళ్లు. ఆ ముద్ర ఉంటే వంట థాయ్ పద్ధతికి దగ్గరగా ఉంటుందని అనుకోవచ్చు. కానీ చవక విషయంలో అది ఏమీ చెప్పదు. ముద్ర లేని మంచి కొట్లు కూడా బోలెడు.

3. వెళ్లే ముందు ఒక ఫోన్ చేయండి

నిమిషం పట్టే పని. అడగాల్సినవి నాలుగే. ఈ రోజు లంచ్ స్పెషల్ ఉందా? ఎన్ని గంటల వరకు ఆర్డర్ తీసుకుంటారు? పార్సిల్‌కు కూడా అదే ధరా? టోఫు (సోయా పనీర్) లేదా కూరగాయలతో అయితే ఎంత?

మొదటి ప్రశ్న అనవసరం అనిపించొచ్చు. కానీ చాలా చోట్ల లంచ్ స్పెషల్ సోమవారం నుంచి శుక్రవారం వరకే. సెలవు రోజు వస్తే ఆఫీసు వాళ్లు రారు కాబట్టి ఆ రోజు స్పెషల్ తీసేస్తారు. రెండో ప్రశ్న విలువ నాకు ఒక గురువారం తెలిసింది. మూడింటి వరకు అని తలుపు మీద రాసి ఉంది. నేను రెండూ యాభై ఐదుకు లోపలికి వెళ్లాను. కూర్చుని, మంచినీళ్లు తాగి, మెనూ అడిగేసరికి లంచ్ ఆర్డర్లు ఆపేశాం అన్నారు. ఆకలి మీద ఉన్నాను, లేచి వెళ్లలేక పూర్తి ధరకు తిన్నాను. బోర్డు మీద ఉన్న సమయం లంచ్ ముగిసే సమయం కావచ్చు, ఆర్డర్ ఇవ్వడానికి గడువు అంతకంటే ముందే కావచ్చు. కనీసం అరగంట తేడా ఉంచుకోండి.

4. సమయం

ఎక్కువ చోట్ల స్పెషల్ పదకొండు, పదకొండున్నరకు మొదలై మూడింటి దాకా ఉంటుంది. పన్నెండు ముప్పావు సమయానికి రద్దీ తారస్థాయిలో ఉంటుంది. వీలైతే పదకొండున్నరకు వెళ్లండి, లేదా ఒకటిన్నర దాటాక వెళ్లండి. ట్రేల్లో పెట్టి అమ్మే చోటయితే మాత్రం ముందే వెళ్లాలి. అక్కడ మంచివి ఒంటిగంటకల్లా అయిపోతాయి.

5. లంచ్ కాగితాన్ని చదవడం

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుదాం, ఎందుకంటే డబ్బు మిగిలేదీ పోయేదీ ఇక్కడే.

కాగితం మీద సాధారణంగా ఒక ధర ఉంటుంది. దాని కింద పది, పదిహేను వంటకాల పేర్లు. పక్కన కోడిమాంసం, టోఫు, కూరగాయల్లో ఏదో ఒకటి ఎంచుకోమని ఉంటుంది. రొయ్యలు, బీఫ్, బాతు మాంసం కావాలంటే అదనం. ఆ అదనాన్ని చిన్న అక్షరాల్లో వేస్తారు. బ్రౌన్ రైస్‌కి అదనం, స్టికీ రైస్‌కి అదనం, గుడ్డుకి అదనం. ప్లేటు ధర వంద అనుకోండి. రొయ్యలకు ముప్పై, బ్రౌన్ రైస్‌కు పదిహేను, ఒక థాయ్ ఐస్‌డ్ టీకి నలభై కలిపితే నూట ఎనభై ఐదు అవుతుంది. స్పెషల్ అనే పేరు మిగులుతుంది, చవక మిగలదు. అందుకే నేను కోడిమాంసం లేదా టోఫు తీసుకుని, మంచినీళ్లు అడుగుతాను. ఒక్క అదనానికి మాత్రం డబ్బు పెట్టమని చెబుతాను, అది వేయించిన గుడ్డు. దాని గురించి కాసేపట్లో చెబుతాను.

ఇప్పుడు వంటకాలు.

పాడ్ క్రపావ్. మెనూల్లో ‘బేసిల్ స్టిర్ ఫ్రై’ అనో ‘బేసిల్ చికెన్’ అనో ఉంటుంది. సన్నగా కొట్టిన మాంసాన్ని వెల్లుల్లి, మిరపకాయలు, సాస్‌లతో ఎర్రటి మంట మీద వేయించి చివర తులసి ఆకులు వేస్తారు. అవును, అచ్చంగా తులసే. థాయ్‌లో దాని పేరే క్రపావ్. విదేశాల్లో చాలా రెస్టారెంట్లు దానికి బదులు ‘హోరఫా’ అనే తీపి బేసిల్ వేస్తాయి. ఆ ఆకుకు సోంపు వాసన వస్తుంది, తులసి ఘాటు రాదు. ఒక కొత్త చోట మొదటిసారి ఏం తినాలని ఎవరైనా అడిగితే నేను ఇదే చెబుతాను. ఆర్డర్ ఇచ్చాకే వోక్‌లో పడే వంటకం కాబట్టి వంటమనిషి పనితనం వెంటనే తెలిసిపోతుంది. థాయ్‌లాండ్‌లో దీన్ని అన్నం మీద పోసి, పైన అంచులు కరకరలాడేలా వేయించిన గుడ్డు పెట్టి తింటారు. ఆ గుడ్డును ‘ఖై దావ్’ అంటారు, అంటే ‘నక్షత్రం గుడ్డు’. పచ్చసొన చిదిపి అన్నంలో కలిపితే ఆ కారం మెత్తబడుతుంది. “ఖై దావ్ వేయండి” అని అడగండి, వడ్డించే వాళ్లు మిమ్మల్ని చూసే చూపే మారుతుంది.

కర్రీలు. గ్రీన్ కర్రీ పచ్చి మిరపకాయలతో, రెడ్ కర్రీ ఎండు మిరపకాయలతో. పనాంగ్ కాస్త చిక్కగా, తీపి తగులుతూ ఉంటుంది. మస్సమాన్‌లో దాల్చినచెక్క, ఏలకులు, లవంగాల వాసన, బంగాళాదుంప, వేరుశనగ ఉంటాయి. వీటన్నిటిలో కొబ్బరి పాలు పోస్తారు. లంచ్ స్పెషల్‌గా ఇవి మంచి బేరం. ముద్ద, కొబ్బరి పాలు ఖరీదైన సరుకులు, పైగా ఇంట్లో చేసుకోవడం పెద్ద పని. ఇంట్లో సులువుగా చేసుకోగల కూరగాయల వేపుడుకు డబ్బు పెట్టడం కంటే కర్రీకి పెట్టడం మంచిదని నా అభిప్రాయం.

పాడ్ థాయ్. అందరికీ తెలిసిన పేరు. సయాం అనే దేశం 1939లో థాయ్‌లాండ్‌గా పేరు మార్చుకుంది. ఆ కాలంలో ప్రధానిగా ఉన్న ఫిబూన్ ప్రభుత్వ ప్రోత్సాహంతో ఈ బియ్యపు నూడుల్స్ వంటకం దేశమంతా పాకింది. అసలైన పాడ్ థాయ్ రుచి చింతపండు పులుపు, తాటి బెల్లం తీపి, ఫిష్ సాస్ ఉప్పు, ఈ మూడింటి కలయిక. ప్లేటు మరీ ఎర్రగా, కెచప్ తీపితో వస్తే ఆ వంటగది మీద ఆశ వదులుకోవచ్చు. ఇంకో సంగతి, రద్దీ సమయంలో కొన్ని చోట్ల పాడ్ థాయ్‌ని ఒకేసారి ఐదారు ప్లేట్లకు సరిపడా చేసేస్తారు. వోక్‌లో కిక్కిరిసిపోయిన నూడుల్స్ వేగవు, ఉడుకుతాయి. అందుకే రద్దీలో నేను పాడ్ థాయ్ అడగను.

పాడ్ సీ యూ అంటే వెడల్పాటి బియ్యపు నూడుల్స్, నల్ల సోయా సాస్, ఆకుకూర. కారం ఉండదు, పిల్లలు ఇష్టంగా తింటారు. పాడ్ కీ మావ్ అవే నూడుల్స్‌తో, కారంగా, బేసిల్ వేసి చేస్తారు. రెండింట్లోనూ వోక్ సెగ తగిలి నూడుల్స్ అంచులు కొంచెం మాడి ఉంటే ఆ చోటుకు మళ్లీ వెళ్లవచ్చు.

లంచ్‌తో వచ్చే సూప్, స్ప్రింగ్ రోల్ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. సూప్, సలాడ్‌లలో ఎంచుకోమంటే సూప్ తీసుకోండి.

లంచ్ జాబితా చిన్నగా ఉంటే సంతోషించండి. పది వంటకాలు ఉన్న జాబితా అంటే ఆ పది రోజూ కదులుతున్నాయని. అరవై వంటకాలతో, అందులో మూడు దేశాల వంటలతో ఉన్న జాబితా అంటే ఫ్రీజర్ మీద ఆధారపడిన వంటగది కావడానికి అవకాశం ఎక్కువ.

6. కారం, శాకాహారం: నోరు తెరిచి చెప్పండి

థాయ్‌లో కారాన్ని ‘ఫెట్’ అంటారు. ‘మై ఫెట్’ అంటే కారం వద్దు. ‘ఫెట్ నిట్ నోయ్’ అంటే కొద్దిగా. ‘ఫెట్ మాక్’ అంటే బాగా. మర్యాద కోసం మాట చివర మగవాళ్లు ‘ఖ్రప్’ అని, ఆడవాళ్లు ‘ఖా’ అని కలుపుతారు. మొదటిసారి మధ్యస్థంగా అడగండి. టేబుల్ మీద నాలుగు చిన్న గిన్నెలున్న స్టాండ్ ఉంటే మీ పని సగం అయినట్టే. ఎండు మిరప పొడి, మిరపకాయ ముక్కలు వేసిన వెనిగర్, మిరపకాయలు వేసిన ఫిష్ సాస్, పంచదార, ఇవే ఆ నాలుగు. ప్లేటులోకి వచ్చాక ఎవరి రుచికి తగ్గట్టు వాళ్లు సర్దుకోవడం థాయ్ పద్ధతే, కాబట్టి దాన్ని వంటమనిషి తప్పుగా అనుకోడు. నూడుల్స్ మీద పంచదారా అని ఆశ్చర్యపోకండి, ఒక చిటికెడు వేసి చూడండి.

శాకాహారులకు ఇక్కడ జాగ్రత్త అవసరం. టోఫు ఎంచుకున్నంత మాత్రాన ఆ ప్లేటు శాకాహారం అయిపోదు. పాడ్ థాయ్‌లో ఫిష్ సాస్, తరచుగా ఎండు రొయ్యలు ఉంటాయి. కర్రీ ముద్దల్లో చాలావాటిలో ‘కపి’ అనే రొయ్యల ముద్ద కలుపుతారు. వేపుళ్లలో ఆల్చిప్పల మాంసంతో చేసే ఆయిస్టర్ సాస్ పడుతుంది. ముద్దలో ఇప్పటికే కలిసి ఉంటే అడిగినా తీసేయలేరు, అందుకే వేపుడు అడిగి సోయా సాస్‌తో చేయమనడం తేలిక దారి. ‘మై సై నామ్ ప్లా’ అంటే ఫిష్ సాస్ వేయొద్దు అని. ‘జే’ అనే ఒక మాట కూడా నేర్చుకోండి. జే అంటే మాంసం, చేప, గుడ్డు, పాలే కాదు, ఉల్లి, వెల్లుల్లి కూడా లేని భోజనం. పసుపు రంగు జెండా మీద ఎర్ర అక్షరాలతో ఈ మాట రాసి ఉంటుంది. ఆ జెండా ఉన్న చోట మీకు వేరే ప్రశ్నలే అక్కర్లేదు. గుడ్డు, పాలు పర్లేదనుకునే వాళ్లు ‘మాంగ్‌సావిరత్’ అని చెప్పవచ్చు.

వేరుశనగ అలర్జీ ఉంటే కారం గురించి చెప్పడానికి ముందే ఆ మాట చెప్పండి. పాడ్ థాయ్, మస్సమాన్, సాటేతో (పుల్లకు గుచ్చి కాల్చిన మాంసం) ఇచ్చే సాస్, మూడింట్లోనూ వేరుశనగ ఉంటుంది. వోక్ ఒకటే అయితే మిగతావాటికీ అంటుకునే అవకాశం ఉంది. అంత తీవ్రమైన అలర్జీ ఉన్నవాళ్లు రద్దీ సమయంలో అసలు వెళ్లకపోవడమే మేలు.

7. ట్రేల్లో పెట్టి అమ్మే చోట

వీటిని ‘ఖావ్ కేంగ్’ దుకాణాలంటారు. ఖావ్ అంటే అన్నం, కేంగ్ అంటే కూర. అద్దం వెనక పది పదిహేను ట్రేలు. పేర్లు తెలియకపోయినా వేలుతో చూపిస్తే చాలు. అన్నం మీద ఒక కూరా, రెండా, మూడా అన్నదాన్ని బట్టి ధర. నా దృష్టిలో పెద్ద నగరంలో ఇంతకు మించిన మధ్యాహ్నం బేరం లేదు. రెస్టారెంట్ మెనూల్లో కనపడని ఇంటి వంటలు ఇక్కడే ఉంటాయి. కోడిగుడ్లు, మాంసం తియ్యటి పులుసులో ఉడికించినవి, గుమ్మడికాయ గుడ్డుతో వేయించినది, దక్షిణ థాయ్‌లాండ్ వైపు పసుపు వేసి చేసే ఘాటైన పుల్ల కూరలు.

రెండు కూరలు తీసుకునేటప్పుడు ఒకటి కొబ్బరి పాలున్నది, ఒకటి పొడి వేపుడు తీసుకోండి. రెండూ పులుసువే తీసుకుంటే అన్నం మీద కలిసిపోయి దేని రుచీ తెలియదు. ఏ ట్రే దగ్గర వడ్డించే చేయి ఎక్కువగా ఆడుతోందో గమనించండి. ఒకసారి చుట్టూ ఎండిపోయి, పైన నూనె తేలి నిశ్చలంగా ఉన్న ట్రే లోంచి తీసుకున్నాను, పక్కనే అప్పుడే నింపిన ట్రే ఉంది. నిమిషం ఆగి చూసుంటే ఆ పొరపాటు జరిగేది కాదు.

ఇక్కడ ఒక మాట మీకు తికమక పెట్టవచ్చు. థాయ్‌లో స్పెషల్‌ను ‘పిసేత్’ అంటారు. కానీ నూడుల్స్ కొట్లో, అన్నం కొట్లో పిసేత్ అంటే తక్కువ ధర అని కాదు, ఎక్కువ పరిమాణం అని. దానికి ఇంకొంచెం డబ్బు ఎక్కువే. మామూలు ప్లేటు కావాలంటే ‘థమ్మదా’ అనాలి. గోడ మీద థాయ్‌లో మాత్రమే రాసి ఉన్న కాగితాలను ఫోన్ కెమెరాతో అనువదించి చూసేటప్పుడు ఈ తేడా గుర్తుంచుకోండి. ఆ కాగితాలను మాత్రం వదిలిపెట్టకండి. ఆ రోజు వంటమనిషి ఇష్టంగా చేసినవి తరచుగా వాటి మీదే ఉంటాయి.

8. బిల్లు, పార్సిల్, యాప్

డెలివరీ యాప్‌లు రెస్టారెంట్ నుంచి 15 నుంచి 30 శాతం దాకా కమిషన్ తీసుకుంటాయి. ఆ భారం కొంత యాప్ ధరల్లోకి ఎక్కుతుంది, దాని మీద డెలివరీ ఖర్చు, సర్వీస్ ఖర్చు. చాలా రెస్టారెంట్లు లంచ్ స్పెషల్‌ను యాప్‌లో అసలు పెట్టవు. యాప్‌ను ఊరికే దగ్గర్లో ఏమున్నాయో చూడ్డానికి వాడండి, ఆర్డర్ మాత్రం నేరుగా ఫోన్ చేసి ఇచ్చి మీరే వెళ్లి తెచ్చుకోండి. నడిచి వెళ్లి తెచ్చుకున్న ప్లేటుకూ ఇంటికొచ్చిన ప్లేటుకూ మధ్య తేడా నాకు వారం రోజుల్లోనే ఇంకో రెండు భోజనాలకు సరిపోయింది.

పార్సిల్‌కు కర్రీలు మంచివి, అన్నం విడిగా, కూర విడిగా వస్తాయి. వెడల్పాటి నూడుల్స్ డబ్బాలో ముద్దకట్టేస్తాయి. స్ప్రింగ్ రోల్ ఆవిరికి మెత్తబడిపోతుంది, దాన్ని దారిలోనే తినేయండి.

టిప్ ఇచ్చే అలవాటున్న దేశంలో ఉంటే, దాన్ని ముందే లెక్కలో వేసుకుని ఆ చోటు మీకు అందుబాటులో ఉందో లేదో నిర్ణయించుకోండి. ప్లేటు చవకగా వచ్చిందని టిప్ తగ్గించడం నాకు న్యాయంగా అనిపించదు. వడ్డించేవాళ్లు పడే కష్టం రాత్రి ఎంతో మధ్యాహ్నం అంతే, నిజానికి రద్దీలో ఇంకా ఎక్కువ. అంత ఖర్చు కుదరని రోజు కౌంటర్ దగ్గర ఆర్డర్ ఇచ్చే చోటుకు, ట్రేల చోటుకు వెళ్లండి.

ముగ్గురు నలుగురు కలిసి వెళ్తే ఎవరి ప్లేటు వాళ్లు తినకండి. థాయ్ ఇళ్లలో కూరలన్నీ మధ్యలో పెట్టుకుని అందరూ అన్నంలో కొంచెం కొంచెం వేసుకుంటారు. ఒకరు క్రపావ్, ఒకరు గ్రీన్ కర్రీ, ఒకరు కూరగాయల వేపుడు చెబితే, తలా ఒక్క స్పెషల్ ధరకు అందరికీ మూడు రుచులు. తినడం చెంచాతో, ఫోర్క్ చెంచాలోకి నెట్టడానికి మాత్రమే. చాప్‌స్టిక్స్ నూడుల్ సూప్ లాంటివాటికే వాడతారు, అన్నానికి అడగక్కర్లేదు.

9. నాలుగోసారి వెళ్లినప్పుడు

రెండు మూడు చోట్లు తేలాక వాటికే మళ్లీ మళ్లీ వెళ్లండి. రోజుకో కొత్త చోటు వెతకడం కంటే ఇందులోనే లాభం ఎక్కువ. మొహం గుర్తుపట్టాక కారం మళ్లీ చెప్పక్కర్లేదు. “తులసి ఉందా, హోరఫా వేస్తున్నారా?” అని అడిగితే దాచకుండా చెబుతారు, తులసి వచ్చిన రోజు వాళ్లే పిలిచి చెబుతారు. నాకు అలా జరిగింది. వడ్డించే ఆవిడ నేను చెప్పిన పాడ్ సీ యూ రాసుకోకుండా, “ఈ రోజు ఆకు వచ్చింది, క్రపావ్ తినండి” అంది. ఆ రోజు ప్లేటు ఘుమఘుమ మా టేబుల్ దాటి పక్క టేబుల్ దాకా వెళ్లింది, వాళ్లూ అదే తెప్పించుకున్నారు.

కర్రీ మిగిలితే పారేయకండి, అడిగితే డబ్బాలో పెట్టి ఇస్తారు. ఇంటికి వెళ్లగానే ఫ్రిజ్‌లో పెట్టండి. రాత్రికి వేడి చేసేటప్పుడు సెగ బాగా తగ్గించి, రెండు చెంచాల నీళ్లు చల్లి, కలుపుతూ ఉండండి. పెద్ద మంట మీద గబగబా మరిగిస్తే కొబ్బరి పాలు విరిగినట్టయి నూనె పైకి తేలుతుంది. అన్నం మాత్రం అప్పటికప్పుడు వండుకోండి.